ఎవరు గొప్ప? ఎలా తేల్చాలి?
(అమెరికన్ ఫుట్‌బాల్ పరుగు వీరుల లెక్కల నుంచి ఒక పాఠం)



మన హాస్టల్ జీవితంలో "ర్యాంకు" అన్న మాట వినని రోజు ఉండదు. యూనిట్ టెస్టు మార్కులు నోటీసు బోర్డులో పెట్టిన రోజు మొదలు పోటీ పరీక్షల ఫలితాల దాకా మనల్ని ఎవరో ఒకరు వరుసలో నిలబెడుతూనే ఉంటారు. అయితే ఆ వరుస ఏ కొలతతో కట్టారు, ఆ కొలత ఏమి చూపిస్తుంది, ఏమి దాచిపెడుతుంది అని ఆలోచించడం మనకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. ఈ హాస్టల్లో చదివి బయటికి వెళ్ళిన మేము కొందరం కలిసి, ఆ విషయాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో ఒక ఆట ద్వారా చెప్పాలనుకున్నాము. మన మార్కులనే ఉదాహరణగా తీసుకుంటే మనసు అడ్డొస్తుంది. దూరదేశపు ఆట అయితే నిదానంగా, నిష్పక్షపాతంగా ఆలోచించగలం. అందుకే అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఎంచుకున్నాము. ఆ ఆట చరిత్రలో అత్యంత గొప్ప "రన్నింగ్ బ్యాక్" ఎవరు అన్న ప్రశ్న అక్కడ తరాలుగా తెగని వాదన.

ఆట పరిచయం

పేరు ఫుట్‌బాల్ అయినా ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో, రెండు కొసల సన్నగా ఉంటుంది. దాన్ని ఎక్కువగా చేతులతోనే పట్టుకుని ఆడతారు. ఒక్కో జట్టుకు 11 మంది. మైదానం పొడవు 100 గజాలు. గజం అంటే మూడు అడుగులు, మీటరు కన్నా కొంచెం తక్కువ. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో కనీసం 10 గజాలు ముందుకు పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. పోలేకపోతే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. అవతలి చివరి గీత దాటితే "టచ్‌డౌన్", దానికి 6 పాయింట్లు.

బంతిని రెండు విధాలుగా ముందుకు తీసుకుపోవచ్చు. క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు దూరంగా ఉన్న తన జట్టువాడికి విసరడం ఒకటి. బంతిని చేతికిచ్చి పరుగెత్తించడం రెండవది. అలా పరుగెత్తేవాడే రన్నింగ్ బ్యాక్. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడిని ఏడుగురు పట్టుకోవాలని చూస్తారు. ఇక్కడ 11 మంది భారీకాయులు మీద పడతారు. వాళ్ళ మధ్య సందు చూసుకుని నాలుగైదు గజాలు సాధిస్తే మంచి పరుగు కింద లెక్క. తోటి జట్టులో "లైన్" అనే వరుసలో నిలబడే ఐదుగురు దిట్టమైనవాళ్ళు ప్రత్యర్థులను నెట్టి దారి చేస్తారు. ఈ ఐదుగురిని గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ అవసరమవుతారు.

ఈ ఆట వృత్తి సంఘం నేషనల్ ఫుట్‌బాల్ లీగ్. 1920లో మొదలైంది. ఇప్పుడు 32 జట్లు ఉన్నాయి. మన తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డల్లాస్ నగరం పేరు మీద ఉన్న డల్లాస్ కౌబాయ్స్ కూడా అందులో ఒక జట్టే.

మొదటి కొలత: మొత్తం

అందరికీ ముందుగా తోచే కొలత ఇదే. జీవితకాలంలో మొత్తం ఎన్ని గజాలు పరుగెత్తాడు?

ఎమిట్ స్మిత్ (1990–2004): 18,355 గజాలు
వాల్టర్ పేటన్ (1975–1987): 16,726 గజాలు
ఫ్రాంక్ గోర్ (2005–2020): 16,000 గజాలు
బ్యారీ శాండర్స్ (1989–1998): 15,269 గజాలు
జిమ్ బ్రౌన్ (1957–1965): 12,312 గజాలు

ఈ పట్టిక చూస్తే వాదనే లేదు. స్మిత్ ప్రథముడు, బ్రౌన్ ఈ ఐదుగురిలో చివరివాడు. కాని ఆడిన కాలం చూడండి. స్మిత్ 15 సీజన్లు, గోర్ 16 సీజన్లు ఆడారు. బ్రౌన్ ఆడింది 9 మాత్రమే. ఎక్కువ కాలం ఆడితే మొత్తం పెరగడం సహజమే కదా!

అలాగని మొత్తానికి విలువ లేదనకూడదు. రన్నింగ్ బ్యాక్ శరీరం తినే దెబ్బలు ఇంకెవరూ తినరు. మోకాలు ఒక్కసారి తిరగబడితే ఆట ముగిసినట్టే. అలాంటి చోట 15 ఏళ్ళు నిలబడటం గొప్ప విషయమే. స్మిత్ 4,409 సార్లు బంతి పట్టుకుని ఆ మనుషుల గోడలోకి దూకాడు. 1994 జనవరి 2న న్యూయార్క్ జెయింట్స్ మీద ఆటలో భుజం కీలు తప్పినా మైదానం వదలకుండా 168 గజాలు పరుగెత్తి జట్టును గెలిపించాడు. కాబట్టి మొత్తం అనేది ఓర్పును కొలుస్తుంది. ఓర్పు కూడా ప్రతిభలో భాగమే. అయితే అదొక్కటే ప్రతిభ కాదు.

రెండవ కొలత: సగటు

ఇప్పుడు అదే ఐదుగురిని సగటుతో చూద్దాం. మొదటి అంకె ఒక్కో పరుగుకు, రెండవది ఒక్కో ఆటకు వచ్చిన గజాలు.

బ్రౌన్ (118 ఆటలు): 5.2 – 104.3
శాండర్స్ (153 ఆటలు): 5.0 – 99.8
పేటన్ (190 ఆటలు): 4.4 – 88.0
స్మిత్ (226 ఆటలు): 4.2 – 81.2
గోర్ (241 ఆటలు): 4.3 – 66.4

చూశారా, పట్టిక దాదాపు తలకిందులైంది! అంకెలు అవే, మనుషులూ వాళ్ళే. మారింది భాగహారం ఒక్కటే. వృత్తి జీవితం మొత్తం మీద ఆటకు 100 గజాలు మించి సగటు సాధించి లీగ్ నుంచి విరమించినవాడు బ్రౌన్ ఒక్కడే.

కాని సగటులోనూ ఒక మెలిక ఉంది. వయసు మీద పడిన తర్వాత ఆడే సంవత్సరాలు సగటును కిందికి లాగుతాయి. బ్రౌన్ 29 ఏళ్ళ వయసులో చివరి ఆట ఆడి, 1966లో ఇంగ్లండులో సినిమా షూటింగులో ఉండగానే విరమణ ప్రకటించాడు. శాండర్స్ 1999 జూలైలో తన సొంత ఊరు విచిటా పత్రికకు ఫ్యాక్స్‌లో ఒక ఉత్తరం పంపి ఆట మానేశాడు. అప్పటికి పేటన్ రికార్డుకు అతను కేవలం 1,457 గజాల దూరంలో ఉన్నాడు. అంతకు రెండేళ్ళ ముందు ఒక్క సీజన్లోనే 2,053 గజాలు పరుగెత్తిన మనిషి! మరొక్క ఏడాది ఆడి ఉంటే రికార్డు చేతికి వచ్చేదని అందరూ అన్నారు. అతను మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు. మంచి స్థితిలో ఉండగా మానేసినవారి సగటు చెక్కుచెదరదు. చివరిదాకా పోరాడినవారి సగటు తగ్గుతుంది. అందుకని సగటు తక్కువైతే ప్రతిభ తక్కువ అని తొందరపడి తీర్పు చెప్పరాదు.

మూడవ కొలత: కాలం

ఒక సీజన్లో ఎన్ని ఆటలు ఉంటాయన్నది కూడా మారుతూ వచ్చింది. 1960 వరకు 12, 1961 నుంచి 14, 1978 నుంచి 16, 2021 నుంచి 17. కాబట్టి సీజన్ రికార్డులను పక్కపక్కన పెట్టేముందు హారం చూసుకోవాలి.

ఒక సీజన్లో అత్యధిక గజాల రికార్డు ఎరిక్ డికర్సన్‌ది. 1984లో లాస్ ఏంజిలిస్ రామ్స్ తరపున 16 ఆటల్లో 2,105 గజాలు. అంటే ఆటకు 131.6. అంతకుముందు 1973లో బఫెలో బిల్స్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ 14 ఆటల్లోనే 2,003 గజాలు సాధించాడు. అంటే ఆటకు 143.1. 2024 సీజన్ ముగిసేసరికి 2,000 గజాలు దాటినవారు తొమ్మిది మంది. తొమ్మిదవవాడు సక్వాన్ బార్క్‌లీ, 2024లో 2,005 గజాలు. ఆ తొమ్మిది మందిలో 14 ఆటల సీజన్లో దాటినవాడు సింప్సన్ ఒక్కడే.

1963లో జిమ్ బ్రౌన్ చేసింది 1,863 గజాలు. మొత్తాల పట్టికలో అది కింద కనబడుతుంది. కాని ఆడింది 14 ఆటలు. ఆటకు 133.1 గజాలు. డికర్సన్ రికార్డు సీజన్ సగటు కన్నా ఎక్కువే!

వేరువేరు కాలాలవారిని పోల్చడానికి ఇంకో మంచి పద్ధతి ఉంది. తన కాలంలో తనతోపాటు ఆడినవారిలో ఎన్నిసార్లు ప్రథముడయ్యాడో చూడటం. బ్రౌన్ ఆడిన 9 సీజన్లలో 8 సార్లు లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గజాలు అతనివే. స్మిత్, శాండర్స్, డికర్సన్, సింప్సన్ నలుగురూ నాలుగేసి సార్లు ప్రథములు. పేటన్ ఒక్కసారే, 1977లో. ఆ ఏడాది నవంబరు 20న జ్వరంతో ఉండి కూడా మిన్నెసోటా మీద ఒక్క ఆటలో 275 గజాలు పరుగెత్తాడు.

నాల్గవ కొలత: పక్కన ఎవరున్నారు?

ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఐదుగురి సంగతి ఇప్పుడు. ఎమిట్ స్మిత్‌కు ముందు దారి చేసిన డల్లాస్ లైన్ ఆ రోజుల్లో పేరుమోసినది. క్వార్టర్‌బ్యాక్ ట్రాయ్ ఐక్‌మన్, బంతి అందుకునే మైకేల్ ఇర్విన్, లైన్‌లో లారీ అలెన్, ముగ్గురూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినవారే. అటు బ్యారీ శాండర్స్ ఆడిన డిట్రాయిట్ లయన్స్ అతని పదేళ్ళలో నాకౌట్ దశలో గెలిచింది ఒక్క ఆట మాత్రమే. ప్రత్యర్థులందరి కళ్ళూ అతనొక్కడి మీదే ఉండేవి. అయినా పది సీజన్లలోనూ ప్రతిసారీ 1,000 గజాలు దాటాడు.

దీన్నిబట్టి స్మిత్ గొప్ప అంతా జట్టుదేనని కొందరు కొట్టిపారేస్తారు. అది నిజమో కాదో పరీక్షించడానికి చరిత్రలోనే ఒక చక్కటి ప్రయోగం దొరికింది. 1993లో జీతం ఒప్పందం కుదరక స్మిత్ మొదటి రెండు ఆటలు ఆడలేదు. లైన్ అదే, క్వార్టర్‌బ్యాక్ అతనే. డల్లాస్ ఆ రెండూ ఓడిపోయింది. స్మిత్ తిరిగి వచ్చాక మిగిలిన 14 ఆటల్లో 12 గెలిచింది, ఛాంపియన్‌షిప్ కూడా గెలిచింది. రెండు ఆటలు పోయినా ఆ ఏడాది లీగ్‌లో అత్యధిక గజాలు అతనివే. రెండు ఆటలు చిన్న నమూనాయే. దానితో సిద్ధాంతం నిరూపించలేం. కాని మంచి జట్టులో ఉన్నవాడికి సొంత ప్రతిభ లేదనే మాట అంత తేలిక కాదని మాత్రం తెలుస్తుంది.

మంచి లైన్ ఉన్నవాడి 4.2, లైన్ లేనివాడి 5.0 ఒకే త్రాసులో తూగవు. మిత్రులారా, మొదటి తరం చదువుకుంటున్న మనకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

ఐదవ కొలత: పట్టికలోకి రాని పేర్లు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది. 1934 నుంచి 1945 వరకు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు. ఎక్కడా రాతపూర్వకమైన నిబంధన లేదు. జట్ల యజమానులు తీసుకోలేదు, అంతే.

కెన్నీ వాషింగ్టన్ అనే యువకుడు లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తరపున 1939 వరకు అద్భుతంగా ఆడాడు. తర్వాత బేస్‌బాల్‌లో చరిత్ర సృష్టించిన జాకీ రాబిన్సన్ అప్పుడు అతని జట్టులోనే ఉన్నాడు. వాషింగ్టన్‌ను లీగ్ జట్లేవీ పిలవలేదు. 1946లో రామ్స్ జట్టు లాస్ ఏంజిలిస్‌కు మారి, ప్రజాధనంతో కట్టిన కొలిజియం స్టేడియం కావాలని కోరింది. ప్రజల పన్నులతో కట్టినచోట నల్లవారిని దూరం పెట్టడం కుదరదని నల్లజాతి పత్రికలవాళ్ళు గట్టిగా నిలదీశారు. అప్పుడు వాషింగ్టన్‌ను తీసుకున్నారు. అప్పటికి అతనికి 28 ఏళ్ళు వస్తున్నాయి, మోకాళ్ళు దెబ్బతిని ఉన్నాయి. మూడు సీజన్లే ఆడగలిగాడు. మొత్తం 859 గజాలు. కాని ఒక్కో పరుగుకు సగటు 6.1. బ్రౌన్ కన్నా ఎక్కువ!

మొత్తాల పట్టికలో కెన్నీ వాషింగ్టన్ ఎక్కడో అడుగున ఉంటాడు. ఆ 859 తప్పు అంకె కాదు. కాని అది అతని ప్రతిభను కొలిచిన అంకె కాదు, తలుపు ఎంతకాలం మూసి ఉంచారో కొలిచిన అంకె. పైన మనం చెప్పుకున్న ఐదుగురూ నల్లజాతివారే. తలుపు తెరిచిన తర్వాత జరిగిందేమిటో ఆ పట్టికే చెబుతోంది. తెరవక ముందు ఎంతమంది ఉన్నారో ఏ పట్టికా చెప్పలేదు.

ఆట వేరు, మనిషి వేరు

గొప్ప ఆటగాడైతే గొప్ప మనిషే అనుకోవడం కూడా పొరపాటు. ఓ.జె. సింప్సన్ మాజీ భార్య, ఆమె స్నేహితుడి హత్య కేసులో 1995లో నిర్దోషిగా విడుదలయ్యాడు. 1997లో సివిల్ కోర్టు ఆ మరణాలకు అతన్నే బాధ్యుణ్ణి చేసింది. 2008లో దోపిడీ కేసులో శిక్షపడి జైలుకు వెళ్ళాడు. 2024లో మరణించాడు. జిమ్ బ్రౌన్ 1967లో క్లీవ్‌లాండ్‌లో నల్లజాతి క్రీడాకారులను సమావేశపరిచి, యుద్ధానికి వెళ్ళనన్న ముహమ్మద్ అలీకి అండగా నిలిచాడు. అదే బ్రౌన్ మీద స్త్రీలను హింసించాడన్న ఆరోపణలు పలుమార్లు వచ్చాయి. భార్య కారును పగలగొట్టిన కేసులో 2002లో జైలులో గడిపాడు. 2023లో మరణించాడు. రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఒకటి దాచరాదు.

పేటన్ 1999 నవంబరులో కాలేయ వ్యాధితో, క్యాన్సర్‌తో మరణించాడు. సమాజసేవ చేసే ఆటగాళ్ళకు లీగ్ ఇచ్చే పురస్కారానికి ఆ ఏడాదే అతని పేరు పెట్టారు. స్మిత్ డిగ్రీ పూర్తికాకముందే వృత్తి ఆటలోకి వచ్చాడు. చదువు పూర్తిచేస్తానని తల్లికి మాట ఇచ్చాడు. కోట్లు సంపాదించి, మూడు ఛాంపియన్‌షిప్పులు గెలిచాక కూడా ఆ మాట మరువక 1996లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నుంచి పట్టా తీసుకున్నాడు.

మేము కట్టిన వరుస

ఇన్ని చెప్పి తీర్పు చెప్పకుండా తప్పించుకుంటే పాఠకులు ఊరుకోరు. ఆటను మాత్రమే లెక్కలోకి తీసుకుని మేము కట్టిన వరుస ఇది.

1. జిమ్ బ్రౌన్: తన కాలంలో ఇంతగా పైచేయి చూపినవాడు మరొకడు లేడు. 9లో 8 సార్లు ప్రథముడు. ఒక్క ఆట కూడా మానలేదు.

2. వాల్టర్ పేటన్: పరుగుతోపాటు బంతి అందుకుని మరో 4,538 గజాలు సాధించాడు. ఎనిమిది టచ్‌డౌన్లకు తానే బంతి విసిరాడు. బంతి తన చేతిలో లేనప్పుడు తోటివాడికి దారి చేశాడు. 13 సీజన్లలో మానింది ఒక్క ఆట. మొదటి ఆటలో 8 సార్లు పరుగెత్తి సున్నా గజాలు సాధించిన మనిషి ఇతనే అని మరువకండి. సెలవుల్లో నిటారైన మట్టి గుట్ట ఎక్కుతూ దిగుతూ కాళ్ళు గట్టిపరుచుకున్నాడు.

3. బ్యారీ శాండర్స్: సాయం తక్కువ, ఫలితం ఎక్కువ. 1989లో చివరి ఆటలో ఇంకో 11 గజాలు చేస్తే లీగ్ ప్రథమ స్థానం దక్కేది. జట్టు గెలుపు ఖాయమైంది, ఇక తాను ఎందుకని మళ్ళీ మైదానంలోకి దిగలేదు.

4. ఎమిట్ స్మిత్: 18,355 గజాలు, 164 పరుగు టచ్‌డౌన్లు. రెండూ లీగ్ రికార్డులే.

5. ఎరిక్ డికర్సన్: తొలి సీజన్లోనే 1,808, మరుసటి ఏడాది 2,105.

మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. స్మిత్‌ను రెండో స్థానంలో పెట్టాలని ఇద్దరు చివరిదాకా వాదించారు. ఓర్పుకు ఎక్కువ విలువ ఇచ్చేవారికి వాళ్ళ వాదనే సరైనది. కొలత మారితే వరుస మారుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

మనం గ్రహించవలసినవి

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ర్యాంకు అబద్ధం అని మేము చెప్పడం లేదు. ర్యాంకు లేకుండా సీటు రాదు, ఉద్యోగం రాదు. అందుకని కష్టపడి తెచ్చుకోవలసిందే. కాని ఏదైనా ర్యాంకు మీ ముందుకు వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. ఏమి కొలిచారు? దేనితో భాగించారు? పక్కన సాయం ఎవరున్నారు? అసలు పోటీకి ఎవరిని రానివ్వలేదు? ఈ ప్రశ్నలు మీ ర్యాంకు గురించే కాదు, మీకన్నా తక్కువ మార్కులు వచ్చిన పక్క మంచం మిత్రుడి గురించి కూడా అడగాలి. రేపు మీలో కొందరు ఉపాధ్యాయులు, అధికారులు అవుతారు. ఇతరులను వరుసలో నిలబెట్టే పని మీ చేతికి వస్తుంది. ఈ పాఠం అసలు అవసరం అప్పుడే.

అభ్యాసం

1. డికర్సన్ 1984లో 379 సార్లు పరుగెత్తి 2,105 గజాలు సాధించాడు. ఒక్కో పరుగుకు సగటు ఎంత?

2. శాండర్స్ తన సగటు (ఆటకు 99.8) ప్రకారం ఆడి ఉంటే, 1,457 గజాలకు ఎన్ని ఆటలు పట్టేవి?

3. బ్రౌన్ తన సగటుతోనే పేటన్‌లాగా 190 ఆటలు ఆడి ఉంటే మొత్తం ఎంతయ్యేది? ఇలా లెక్కకట్టడం న్యాయమేనా? రెండు కారణాలు రాయండి.

4. మీ తరగతి గత మూడు పరీక్షల మార్కులు తీసుకుని మొత్తం ప్రకారం ఒక వరుస, మొదటి పరీక్ష నుంచి మూడో పరీక్షకు పెరిగిన మార్కుల ప్రకారం మరొక వరుస కట్టండి. రెండింటిలో ఎవరి స్థానం ఎక్కువ మారిందో చూసి, కారణం స్నేహితులతో చర్చించండి.

జవాబులు: 1) సుమారు 5.6 గజాలు. 2) 15 ఆటలు. 3) సుమారు 19,817 గజాలు. న్యాయమా కాదా అన్నది మీరే తేల్చండి. 4) దీనికి జవాబు మీ తరగతిలోనే ఉంది.